ఒకే కంప్యూటర్‌లో ఒక్కో బ్రౌజర్ ఒక్కో రంగు చూపిస్తోంది: పొందూరు ఖాదీ సైటుకు పరిష్కారం కావాలి

పొందూరు_నేత

సభ్యులందరికీ నమస్కారం. పొందూరులో మాకు ఖాదీ బట్టల దుకాణం ఉంది. పంచెలు, కండువాలు, చీరలు, చొక్కా గుడ్డ అమ్ముతాము. దూరప్రాంతాల వారి కోసం ఒక సైటు తయారు చేయించుకున్నాము, దాని బాగోగులు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. బట్ట నాణ్యత గురించి ఎవరూ మాట అనడం లేదు కానీ, సైటులో కనిపించే రంగుల గురించి మాత్రం తరచుగా ఫిర్యాదులు వస్తున్నాయి.

మా సరుకులో ఎక్కువ భాగం బ్లీచింగ్ చేయని బట్ట. కొండ పత్తి, పునాస పత్తి, ఎర్ర పత్తి అని మా దగ్గర వాడే రకాల్లో ఒక్కోదానికి ఒక్కో సహజమైన ఛాయ ఉంటుంది. అది పూర్తి తెలుపు కాదు, పసుపూ కాదు. మీగడ రంగు అంటే అందరికీ అర్థమవుతుంది. ఆ ఛాయ చూసే మా బట్టను గుర్తుపడతారు కాబట్టి, సైటు నేపథ్యానికి కూడా అదే రంగు పెట్టించాము. ఎరుపు 246, ఆకుపచ్చ 240, నీలం 226 అని సీఎస్ఎస్‌లో (పేజీ రూపురేఖలను చెప్పే కోడ్‌లో) రాసి ఉంది.

ఇబ్బందులు మూడు ఉన్నాయి. మొదటిది, పేజీ పైభాగంలో ఉన్న మా లోగో. అది పీఎన్‌జీ ఫైలు, దాని నేపథ్యంలోనూ అవే అంకెలు ఉన్నాయి. క్రోమ్‌లో లోగో పేజీలో కలిసిపోతోంది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం లోగో చుట్టూ కొద్దిగా గులాబీ ఛాయ ఉన్న పెట్టె అతికించినట్టు కనిపిస్తోంది. రెండవది, బట్టల జాబితాలో వచ్చే చిన్న ఫొటోలు వెలిసిపోయినట్టు ఉంటాయి, వాటి మీద నొక్కితే తెరుచుకునే పెద్ద ఫొటో మాత్రం బట్టను చేత్తో పట్టుకుని చూసినట్టే ఉంటుంది. మూడవది, ఫోన్‌లో చూసి కొన్నవారు, తాము చూసిన రంగు వేరు, ఇంటికి వచ్చిన రంగు వేరు అంటున్నారు.

సైటు చేసిన వారిని అడిగితే, ఒక్కో బ్రౌజర్‌ను గుర్తించి దానికి వేరే రంగు అంకెలు పంపే ఏర్పాటు చేశారు. దానితో ఒకచోట కుదిరినది ఇంకొకచోట చెడిపోతోంది. దీనికి శాశ్వతమైన పద్ధతి ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

రాజాం_కోడ్

నేతగారూ, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాకు తోచినంతవరకు ఇది బ్రౌజర్ల తప్పు కాకపోవచ్చు, తెరల తేడా కావచ్చు. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణపు రంగుల్లో ఎంత భాగం చూపగలదో చెప్పే లెక్క) అని రాసి ఉంటుంది, అలాంటి తెర మామూలు రంగులన్నిటినీ చూపించలేదు. దాదాపు 72 శాతం ఉన్న తెర మాత్రమే వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల కొలత పరిధికి దగ్గరగా వస్తుంది. పైగా విండోస్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉంటే సాయంత్రం తరువాత తెర మొత్తం పసుపెక్కుతుంది. మీరు పోల్చినది ఒకే తెర మీదేనా? రెండు బ్రౌజర్లనూ పక్కపక్కన పెట్టి చూశారా?

పొందూరు_నేత

ఒకే కంప్యూటర్, ఒకే తెర. రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టి, నైట్ లైట్ ఆపేసి, తెరకు ఎదురుగా కూర్చుని చూశాను. తేడా స్పష్టంగానే ఉంది. ఇంకొక సంగతి కూడా గమనించాను. లోగో పెట్టె సంగతి పక్కన పెట్టి నేపథ్యాన్ని మాత్రమే పోల్చితే, క్రోమ్‌లో నేపథ్యమే కాస్త గులాబీ వైపు ఒరిగి ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో నేపథ్యం మా బట్టకు దగ్గరగా ఉండి, లోగో ఒక్కటే గులాబీగా ఉంది.

గంటస్తంభం_విజయనగరం

నేతగారూ, మీరు చివరన చెప్పిన సంగతి చాలా విలువైనది. విజయనగరంలో చిన్న వ్యాపారాలకు సైట్లు చేస్తూ ఉంటాను కనుక ఇలాంటి ఫిర్యాదులు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. ముందుగా ఒక మాట. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి బ్రౌజర్ తేడా అనుకోవడం వల్లనే బ్రౌజర్‌కొక రంగు పంపే ఏర్పాటు మీ మీద పడింది. ఆ ఏర్పాటును ముందుగా తీసివేయించండి. అది ఉన్నంతకాలం ఏ కారణం ఎక్కడ పనిచేస్తోందో తేల్చడం సాధ్యం కాదు.

లోగో సంగతి చూద్దాం. ఫైర్‌ఫాక్స్‌లో రంగుల నిర్వహణకు ఒక అమరిక ఉంది. అడ్రసు పట్టీలో అబౌట్ కాన్ఫిగ్ తెరిచి, జీఎఫ్ఎక్స్ డాట్ కలర్ మేనేజ్‌మెంట్ డాట్ మోడ్ అని వెదికితే కనిపిస్తుంది. దాని విలువ సాధారణంగా 2 ఉంటుంది. అంటే, ఏ బొమ్మలో రంగుల ప్రొఫైల్ (అంకెలు ఏ రంగులను సూచిస్తాయో చెప్పే వివరం) పొందుపరచి ఉందో ఆ బొమ్మను మాత్రమే మీ తెర ప్రొఫైల్‌కు తగినట్టు మార్చి చూపిస్తుంది. ప్రొఫైల్ లేని బొమ్మలను, సీఎస్ఎస్‌లో రాసిన రంగులను ఏ మార్పూ లేకుండా తెరకు పంపేస్తుంది. మీ లోగో ఫైలులో ప్రొఫైల్ ఉండి ఉంటుంది. అందువల్ల లోగోలోని 246, 240, 226 మార్పు చెంది తెర మీదకు వచ్చాయి, నేపథ్యంలోని అవే అంకెలు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. రెండింటి మధ్య గీత కనిపించింది. క్రోమ్ మాత్రం బొమ్మలను, సీఎస్ఎస్ రంగులను, ప్రొఫైల్ లేని వాటిని కూడా ఎస్‌ఆర్‌జీబీగా భావించి అన్నిటినీ ఒకే విధంగా మారుస్తుంది. అందుకే అక్కడ గీత లేదు.

ఆ అమరికను 1 చేస్తే ఫైర్‌ఫాక్స్ కూడా అన్నిటినీ మారుస్తుంది, గీత పోతుంది. కానీ అది మీ కంప్యూటర్‌కు మాత్రమే వర్తిస్తుంది. సైటు చూడటానికి వచ్చిన కొనుగోలుదారుని బ్రౌజర్‌లో మనం ఆ అమరికను మార్చలేము. సైటు వైపు చేయవలసిన పని ఏమిటంటే, లోగోను నేపథ్యం లేకుండా, పారదర్శకంగా తయారు చేయించడం. వీలైతే ఎస్‌వీజీగా (గీతల వర్ణనగా దాచే బొమ్మగా) చేయించండి. అప్పుడు లోగో చుట్టూ కనిపించేది పేజీ నేపథ్యమే అవుతుంది కాబట్టి కలపవలసిన అంచే ఉండదు.

బొబ్బిలి_మాస్టారు

గంటస్తంభం గారు లోగో విషయం సరిగా చెప్పారు. నేను పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేవాడిని కాబట్టి, దీని వెనుక ఉన్న మూలాన్ని కాస్త వివరంగా రాస్తాను. మూలం అర్థమైతే మిగిలిన రెండు ఇబ్బందులూ తేలికవుతాయి.

ఫైలులో ఉన్నవి రంగులు కావు, అంకెలు. ధాన్యం పది అని చెప్పి, కుంచాలా బస్తాలా అనే మాట చెప్పకపోతే ఇల్లు చేరేది ఎంతో ఎవరికీ తెలియదు. అలాగే 246, 240, 226 అన్న అంకెలు ఏ కొలతలో ఉన్నాయో చెప్పకపోతే అవి ఒక నిర్దిష్టమైన రంగును సూచించవు. ఆ కొలతను చెప్పేదే ఐసీసీ ప్రొఫైల్. ఈ ప్రొఫైళ్లకు ఉమ్మడి పద్ధతి ఏర్పరచిన ఐసీసీ అనే సంస్థ 1993లో ఏర్పడింది. తరువాత 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఎస్‌ఆర్‌జీబీ అనే కొలతను ప్రతిపాదించాయి. 1999లో అది ఐఈసీ 61966-2-1 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. వెబ్‌లో ఏ కొలతా చెప్పని అంకెలను ఎస్‌ఆర్‌జీబీగా తీసుకోవాలన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న పద్ధతి.

ఫొటోగ్రాఫర్లు వాడే అడోబ్ ఆర్‌జీబీ 1998 నాటిది. ఎరుపు, నీలం మూలరంగులు ఈ రెండు కొలతల్లోనూ ఒకటే. తేడా అంతా ఆకుపచ్చ మూలరంగులో ఉంది, అడోబ్ కొలతలో అది చాలా దూరం సాగి ఉంటుంది. పరిధి పెద్దది కాబట్టి, అదే రంగును చెప్పడానికి అక్కడ చిన్న అంకెలు సరిపోతాయి. ఎస్‌ఆర్‌జీబీలో 255, 0, 0 అనే నిండు ఎరుపును అడోబ్ ఆర్‌జీబీలో రాస్తే 219, 0, 0 అవుతుంది. ఇప్పుడు ఆ ఫైలులోంచి ప్రొఫైల్ ఊడిపోయిందనుకోండి. బ్రౌజర్ 219ని ఎస్‌ఆర్‌జీబీ అంకెగా చదువుతుంది, చీర అంచులోని నిండు ఎరుపు మందగించి కనిపిస్తుంది. మీగడ రంగులో ఉండే ఆ కొద్దిపాటి పసుపు పలచబడి, బట్ట మామూలు తెలుపు వైపు జరుగుతుంది. తటస్థమైన బూడిద రంగుకు మాత్రం దాదాపు ఏమీ కాదు.

నేతగారి చిన్న ఫొటోల వ్యాధి ఇదే అయి ఉండాలి. పెద్ద ఫొటో సరిగా ఉండి, దాని నుంచి తయారైన చిన్న ఫొటో వెలిసిపోయిందంటే, చిన్నది చేసే దారిలో ప్రొఫైల్ ఊడిపోయిందని అర్థం. మీ సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తోందా?

పొందూరు_నేత

అవును మాస్టారూ, వర్డ్‌ప్రెసే. ఫొటోలు తీయడానికి శ్రీకాకుళం నుంచి ఒకరిని పిలిపించాము. ఆయన ఇచ్చిన ఫైళ్లను అలాగే ఎక్కించాము. ఇప్పుడు ఒక ఫైలును ఫొటోలు సవరించే జింప్‌లో తెరిచి చూస్తే, అందులో ఉన్న ప్రొఫైల్‌ను ఎస్‌ఆర్‌జీబీకి మార్చమంటారా అని అడిగింది. చూపించిన పేరు అడోబ్ ఆర్‌జీబీ 1998.

గంటస్తంభం_విజయనగరం

మాస్టారు ఊహించినట్టే ఉంది. వర్డ్‌ప్రెస్ ఫొటోలను చిన్నవి చేయడానికి సర్వర్‌లో ఉన్న రెండు పనిముట్లలో ఒకదానిని వాడుకుంటుంది. ఇమేజిక్ ఉంటే అది ప్రొఫైల్‌ను కాపాడుతుంది. అది లేక జీడీ మీద ఆధారపడితే, జీడీ కొత్త ఫైలు రాసేటప్పుడు ప్రొఫైల్‌ను వదిలేస్తుంది, అంకెలను మాత్రం మార్చదు. సైట్ హెల్త్ పేజీలో సమాచారం విభాగం తెరిచి, మీడియా హ్యాండ్లింగ్ కింద చూస్తే మీ సర్వర్‌లో ఏది పనిచేస్తోందో తెలుస్తుంది.

అయితే సర్వర్‌ను మార్చమని అడగడం కన్నా, ఎక్కించే ముందే ప్రతి ఫొటోనూ ఎస్‌ఆర్‌జీబీకి మార్చడం మేలు. అప్పుడు ప్రొఫైల్ ఊడినా రంగు పెద్దగా మారదు. జింప్‌లో ఇమేజ్ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్ కింద కన్వర్ట్ టు కలర్ ప్రొఫైల్ ఉంటుంది. దాని పక్కనే అసైన్ కలర్ ప్రొఫైల్ కూడా ఉంటుంది, దానిని మాత్రం ముట్టుకోవద్దు. కన్వర్ట్ చేస్తే రంగు నిలిచి అంకెలు మారతాయి. అసైన్ చేస్తే అంకెలు నిలిచి రంగు మారుతుంది. ఫొటోషాప్ వాడేవారికి సేవ్ ఫర్ వెబ్‌లో కన్వర్ట్ టు ఎస్‌ఆర్‌జీబీ అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్కు పెడితే చాలు.

ఫొటోలు మార్చి ఎక్కించిన తరువాత పాత చిన్న ఫొటోలను తీసివేసి మళ్లీ తయారు చేయించాలి. సీడీఎన్‌లోనూ (సైటు ఫైళ్ల ప్రతులను దాచి అందించే సర్వర్లలోనూ) బ్రౌజర్‌లోనూ దాచుకున్న పాత ప్రతులు కొంతకాలం కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, ఫైలు పేరు మార్చి ఎక్కిస్తే సందేహానికి తావుండదు.

నాగావళి_ఫొటో

శ్రీకాకుళంలో నేను పెళ్లిళ్ల ఫొటోలతో పాటు దుకాణాల సరుకు ఫొటోలు కూడా తీస్తుంటాను. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ ఎంచుకుంటే, ఫైలు పేరు సాధారణంగా అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. తెరవకుండానే గుర్తుపట్టడానికి ఇది మంచి గుర్తు. వెబ్ కోసమే తీసే ఫొటో అయితే కెమెరాలోనే ఎస్‌ఆర్‌జీబీ పెట్టడం ఉత్తమం. కొన్ని కెమెరాలు జేపెగ్ ఫైలులో అసలు ప్రొఫైల్‌ను పొందుపరచకుండా, ఫొటోతో పాటు కెమెరా రాసే ఎగ్జిఫ్ వివరాల్లో ఒక గుర్తు మాత్రం పెట్టి ఊరుకుంటాయి. బ్రౌజర్లు ఆ గుర్తును నమ్ముకుని రంగు మార్చవు.

మీగడ రంగు బట్టను తీయడం తేలిక పని కాదు. తటస్థానికి దగ్గరగా ఉన్న రంగులో కొద్దిపాటి ఒరుగు కూడా కంటికి వెంటనే తెలిసిపోతుంది, ముదురు ఎరుపులోనో నీలంలోనో అంతే తేడా వస్తే ఎవరూ గమనించరు. అందుకని వైట్ బ్యాలెన్స్ (వెలుగుకు తగినట్టు కెమెరాకు అసలు తెలుపును తెలియజేయడం) కోసం బూడిద రంగు కార్డు తప్పనిసరిగా వాడాలి. చాలామంది కార్డు లేక తెల్లటి మిల్లు దుప్పటిని చూపించి వైట్ బ్యాలెన్స్ తీసుకుంటారు. మిల్లు తెలుపులో మెరుపు కోసం కలిపే రసాయనం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెనక్కి పంపుతుంది. కెమెరా ఆ నీలాన్ని తెలుపుగా లెక్కవేసుకుని, మీ ఖాదీని ఉన్నదానికన్నా పసుపుగా రాస్తుంది. బ్లీచింగ్ చేయని మీ బట్టలో ఆ రసాయనం ఉండదు కాబట్టి రెండింటినీ ఒకే చట్రంలో కూడా పెట్టకండి. ఉదయం పూట వసారాలో, ఎండ నేరుగా పడని చోట తీస్తే చాలు. ట్యూబులైటు, పగటి వెలుగు కలిసిన చోట మాత్రం వద్దు.

కొన్ని ఫొటోలను మీరే ఐఫోన్‌తో తీస్తుంటే, వాటిలో డిస్‌ప్లే పీ3 అనే ప్రొఫైల్ ఉంటుంది. 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి ఇదే పద్ధతి. వాటినీ అదే విధంగా ఎస్‌ఆర్‌జీబీకి మార్చాకే ఎక్కించాలి.

రాజాం_కోడ్

ఎస్‌ఆర్‌జీబీకి మార్చాక ప్రొఫైల్‌ను ఫైలులో ఉంచాలా, తీసివేయాలా? కొన్నిచోట్ల తీసివేయమని, కొన్నిచోట్ల తప్పక ఉంచమని చదివాను.

బొబ్బిలి_మాస్టారు

తమ్ముడూ, ఈ రెండు సలహాలూ సరైనవే, వాటి చోట్లు వేరు. బట్టల ఫొటోల్లో ఉంచాలి. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఉన్న బొమ్మనే తెరకు తగినట్టు మారుస్తుంది కాబట్టి, సరిగా కొలిచిన తెర ఉన్నవారికి బట్ట రంగు సరిగా కనిపించాలంటే ప్రొఫైల్ అవసరం. పాత ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ దాదాపు 3 కిలోబైట్లు ఉంటుంది. ఒక ఫొటోకు అది భారం కాదు. సీఎస్ఎస్ రంగుతో అంచు కలపవలసిన గుర్తులు, పట్టీలు, గుండీల వంటి చిన్న బొమ్మల్లో మాత్రం తీసివేయాలి. అప్పుడు ఫైర్‌ఫాక్స్ బొమ్మనూ సీఎస్ఎస్‌నూ ఒకేలా చూస్తుంది. పీఎన్‌జీ అయితే గామా అనే చిన్న భాగం కూడా లోపల దాగి ఉండవచ్చు, దానినీ తొలగించాలి.

గంటస్తంభం_విజయనగరం

మాస్టారి మాటకు చిన్న సవరణ. అంచు కలపవలసిన బొమ్మలో ప్రొఫైల్ తీయడం కన్నా, అంచు కలపవలసిన బొమ్మే లేకుండా పేజీని రూపొందించడం నాకు నమ్మకమైన దారి. ముఖ్యంగా జేపెగ్‌తో ఈ పని ఎన్నటికీ చేయకూడదు. జేపెగ్ కుదింపులో 246 కాస్తా 245గానో 247గానో మారవచ్చు, పెద్ద విస్తీర్ణంలో ఆ తేడా కూడా మంచి తెర మీద బయటపడుతుంది. జేపెగ్‌లో రంగు వివరాన్ని వెలుగు వివరం కన్నా తక్కువగా దాచుకుంటారు కనుక, సన్నని ఎర్రంచు పక్కకు చిమ్మినట్టు కూడా అవుతుంది. అలాంటి దగ్గరి ఫొటోలకు ఆ తగ్గింపు లేకుండా, 4:4:4 ఎంచుకుని దాచాలి. ఫొటోలకు చుట్టూ సన్నని గీత పెట్టి, అవి వేరే వస్తువులని చూపరికి తెలియనివ్వండి.

బొబ్బిలి_మాస్టారు

ఒప్పుకుంటాను. కొత్తగా చేసే సైటుకు మీరు చెప్పినదే సరి. ఇప్పటికే వందల బొమ్మలు ఉన్న పాత సైటుకు నా దారి తక్కువ శ్రమతో తీరుతుంది.

చీపురుపల్లి_ప్రెస్

మాది ప్రింటింగ్ ప్రెస్. కరపత్రానికి చేసిన ఫైలునే జేపెగ్‌గా తీసి సైటుకు ఇస్తుంటాము. ఒక బ్రౌజర్‌లో రంగులు కళ్లు చెదిరేలా, ఇంకొకదానిలో మామూలుగా కనిపిస్తున్నాయని అంటున్నారు. ఇదీ ఇదే సమస్యా?

గంటస్తంభం_విజయనగరం

మూలం దగ్గరిదే. మీ ఫైలు సీఎంవైకేలో ఉంటుంది, అంటే నాలుగు సిరాల అంకెలు. వాటిని తెర రంగులుగా మార్చేటప్పుడు ప్రొఫైల్‌ను పాటించే కార్యక్రమం ఒక ఫలితం ఇస్తుంది, ముతక లెక్కతో మార్చేది ఇంకొకటి ఇస్తుంది. సైటుకు ఇచ్చే ప్రతిని మీ దగ్గరే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి వేరుగా ఇవ్వండి.

టెక్కలి_అక్క

టెక్కలిలో నాకు కుట్టుపని దుకాణం ఉంది, పొందూరు గుడ్డతో చొక్కాలు కుట్టి అమ్ముతాను. నేతగారి సైటు నా ఫోన్‌లో తెరిస్తే మీగడ రంగు నేపథ్యం ముదురు గోధుమ రంగులోకి మారిపోయింది. మా అమ్మాయి ఫోన్‌లో మామూలుగానే ఉంది. ఇంకా, పేరు, చిరునామా రాసే గడుల్లో నేపథ్యం లేత నీలంగా వస్తోంది.

గంటస్తంభం_విజయనగరం

అక్కా, మీ ఫోన్‌లో డార్క్ మోడ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. కొన్ని ఆండ్రాయిడ్ బ్రౌజర్లు, ముదురు రూపం లేని సైట్లను కూడా తామే ముదురుగా మార్చేస్తాయి. నేతగారు సీఎస్ఎస్‌లో కలర్ స్కీమ్ అనే లక్షణానికి ఓన్లీ లైట్ అని రాస్తే, దానిని గౌరవించే బ్రౌజర్లు ఆ పని మానుకుంటాయి. అన్ని బ్రౌజర్లూ దానిని మన్నించవు. వాటి కోసం, డార్క్ మోడ్‌కు తగిన రంగులను సైటులోనే సొంతంగా రాసి పెట్టడం మంచిది. బ్రౌజర్ ఊహించి మార్చే రంగు కన్నా మనం ఎంచుకున్న ముదురు రంగు ఎప్పుడూ మేలు.

గడుల్లో వచ్చే లేత నీలం, దాచుకున్న చిరునామాను క్రోమ్ తానే నింపినప్పుడు వేసే రంగు. బ్యాక్‌గ్రౌండ్ కలర్ రాస్తే అది మారదు, గడి లోపలి వైపు బాక్స్ షాడోను (గడికి వేసే నీడను) పెద్దదిగా వేసి కప్పుకోవలసిందే. అదే గడుల్లో ఏమి రాయాలో చెప్పే లేత అక్షరాలను ఫైర్‌ఫాక్స్ మనం రాసిన రంగు కన్నా ఇంకా పలచగా చూపిస్తుంది. ఎందుకంటే అది వాటి ఒపాసిటీని (ఎంత గాఢంగా కనిపించాలో చెప్పే విలువను) తానే తగ్గిస్తుంది. ఆ లేత అక్షరాలకు, అంటే ప్లేస్‌హోల్డర్‌కు, ఒపాసిటీ 1 అని రాస్తే మిగిలిన వాటితో సమానమవుతుంది. ఐఫోన్‌లో ఫోన్ నంబరు తనంతట తానే నీలం లింకుగా మారడం కూడా ఇలాంటిదే. ఫార్మాట్ డిటెక్షన్ అనే మెటా ట్యాగుతో దానిని ఆపవచ్చు. ఐఫోన్‌లో క్రోమ్ వాడినా లోపల నడిచేది మన దేశంలో సఫారీ ఇంజనే కాబట్టి, ఈ విషయంలో రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయి.

పొందూరు_నేత

అందరి సలహాలూ పాటించి చూశాను. బ్రౌజర్‌కొక రంగు పంపే ఏర్పాటు మొత్తం తీసివేయించాను. లోగో ఎస్‌వీజీ అయింది, ఫైర్‌ఫాక్స్‌లో పెట్టె పోయింది. ఫొటోలు ఎస్‌ఆర్‌జీబీకి మార్చి కొత్త పేర్లతో ఎక్కించాక చిన్నవీ పెద్దవీ ఒకే రంగులో ఉన్నాయి. కండువా ఎర్రంచు ఇప్పుడు రెండు చోట్లా నిండుగా ఉంది. చాలా సంతోషం.

ఒక్కటి మిగిలింది. దుకాణం కంప్యూటర్‌లో క్రోమ్ పేజీ మొత్తాన్ని కాస్త గులాబీగా చూపిస్తోంది. ఫైర్‌ఫాక్స్‌లో నేపథ్యం సరిగా ఉండి ఫొటోలు మాత్రం గులాబీగా ఉన్నాయి. మా బాబాయి గారి ల్యాప్‌టాప్‌లో రెండు బ్రౌజర్లలోనూ ఏ తేడా లేదు.

బొబ్బిలి_మాస్టారు

నేతగారూ, మీరు మొదట్లో క్రోమ్ నేపథ్యం గులాబీ వైపు ఒరిగిందని రాసినప్పుడే నాకు ఈ అనుమానం ఉంది. ఆ కంప్యూటర్‌లో తెరకు తగిలించి ఉన్న ప్రొఫైల్ చెడ్డది. తెర తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో పాటు, ఒక్కోసారి విండోస్ అప్‌డేట్‌తో పాటు, అలాంటి ప్రొఫైల్ మన ప్రమేయం లేకుండానే వచ్చి చేరుతుంది. అది మీ తెరను సరిగా వర్ణించకపోతే, దానిని నమ్మి మార్పు చేసే ప్రతి కార్యక్రమమూ తప్పు రంగు చూపిస్తుంది. క్రోమ్ పేజీ మొత్తాన్ని మార్చింది కనుక మొత్తం గులాబీ అయింది. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఉన్న ఫొటోలను మాత్రమే మార్చింది కనుక ఫొటోలే గులాబీ అయ్యాయి. రెండు బ్రౌజర్లూ తమ పని తాము సరిగానే చేశాయి, వాటికి అందిన వర్ణన తప్పు.

దీనిని రూఢి చేసుకోవడానికి క్రోమ్‌లో ఫ్లాగ్స్ పేజీ తెరిచి, ఫోర్స్ కలర్ ప్రొఫైల్ అనే దానిని ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, బ్రౌజర్‌ను మూసి తెరవండి. గులాబీ ఛాయ పోతే దోషం ప్రొఫైల్‌దే. పరీక్ష అయ్యాక దానిని తిరిగి డిఫాల్ట్‌లో పెట్టేయండి, అది చికిత్స కాదు. తరువాత విండోస్ వెదుకు గడిలో కలర్ మేనేజ్‌మెంట్ అని కొట్టి తెరిచి, మీ తెరను ఎంచుకుని, దానికి తగిలించిన ప్రొఫైల్‌ను తొలగించి, ఎస్‌ఆర్‌జీబీని డిఫాల్ట్‌గా పెట్టండి. బ్రౌజర్లన్నీ మూసి మళ్లీ తెరిచి చూడండి. కచ్చితత్వం కావాలంటే తెరను కొలిచే కలరిమీటర్‌తో సొంత ప్రొఫైల్ తయారు చేసుకోవాలి. శ్రీకాకుళంలో ఫొటో ల్యాబుల వారిని అడిగితే అద్దెకు దొరకవచ్చు.

సైటును బ్రౌజర్‌కొక రంగుతో నింపడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు స్పష్టమవుతుంది. మీ దుకాణంలోని ఒక తెర లోపాన్ని సరిచేయడానికి రాసిన అంకెలు, ఆ లోపం లేని ప్రతి ఇంట్లోనూ రంగును చెడగొట్టాయి.

రాజాం_కోడ్

మాస్టారూ, స్క్రీన్‌షాట్ తీసి రంగు అంకెలు చూసి పోల్చితే సరిపోదా? ఈ తేడా అప్పుడే తెలిసిపోయేది కదా?

బొబ్బిలి_మాస్టారు

జాగ్రత్తగా వాడితే పనికివస్తుంది. విండోస్‌లో స్క్రీన్‌షాట్‌కు చిక్కేది తెరకు పంపిన అంకె, అంటే ప్రొఫైల్ మార్పు జరిగిపోయిన తరువాతి అంకె. సీఎస్ఎస్‌లో 246, 240, 226 అని ఉండి, స్క్రీన్‌షాట్‌లో వేరే అంకెలు వస్తే మార్పు జరిగిందని తెలుస్తుంది. అది మంచి మార్పో చెడ్డ మార్పో మాత్రం ఆ అంకెలు చెప్పవు. మ్యాక్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌కు ఆ తెర ప్రొఫైల్ కూడా అంటుకుని వస్తుంది. దానిని విండోస్ స్క్రీన్‌షాట్‌తో అంకెకు అంకె పోల్చకూడదు.

పొందూరు_నేత

మాస్టారూ, మీరు చెప్పినట్టు పరీక్షించాను. ఫ్లాగ్ మార్చగానే గులాబీ పోయింది. తెరకు తయారీదారు పేరుతో ఒక ప్రొఫైల్ తగిలించి ఉంది. దానిని తీసివేశాక రెండు బ్రౌజర్లూ ఒకేలా ఉన్నాయి. బట్టను తెర పక్కన పట్టుకుని చూశాను, ఛాయ కలిసింది.

ఫోన్‌లో చూసి కొనేవారి సంగతి ఒక్కటి అడుగుతాను. కొన్ని ఫోన్లలో మా చీరలు మరీ ముదురుగా కనిపిస్తున్నాయని ఇప్పటికీ అంటున్నారు.

నాగావళి_ఫొటో

అవి సాధారణంగా డిస్‌ప్లే అమరికల్లో వివిడ్ ఎంచుకున్న ఆండ్రాయిడ్ ఫోన్లు. ఆ అమరికలో ఫోన్ కావాలని రంగులను పెంచి చూపిస్తుంది. న్యాచురల్‌కు మార్చుకుంటే తగ్గుతుంది. కంటికి హాయిగా ఉండేలా నీలం తగ్గించే అమరిక ఆన్‌లో ఉంటే మీగడ రంగు పసుపెక్కుతుంది. సైటు వైపు నుంచి వీటిని ఆపే మార్గం లేదు, ఆపడానికి ప్రయత్నించకూడదు కూడా. ప్రతి బట్ట ఫొటోలోనూ ఒక మూల బూడిద రంగు కార్డు ముక్కను కనిపించనివ్వండి, చూసేవారి కన్ను దానితో పోల్చుకుంటుంది. బట్ట ఏ పత్తితో నేసినదో, బ్లీచింగ్ చేశారో లేదో కింద రాయండి. పెళ్లి బట్టల వంటి పెద్ద ఆర్డరు అయితే ముందుగా అదే తానులోంచి ఒక చిన్న గుడ్డ ముక్కను పోస్టులో పంపండి.

పొందూరు_నేత

అలాగే చేస్తాను. ఎర్ర పత్తి చొక్కా గుడ్డకు ముక్కలు కత్తిరించి కవర్లలో పెట్టడం ఈ రోజే మొదలుపెట్టాము. కార్డు పెట్టి తీసిన కొత్త ఫొటోలు ఎక్కించాక ఇక్కడే తెలియజేస్తాను, టెక్కలి అక్కగారు, రాజాం తమ్ముడు తమ తమ ఫోన్లలో చూసి ఎలా ఉన్నాయో చెప్పవలసిందిగా కోరుతున్నాను.